చెప్పుల కాపలా

"హైదరాబాదు వెళ్ళొచ్చారటగా, ఏమేం చూశారేమిటి?" అని మా వీధిలో కనిపించిన వాళ్ళల్లా అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు? బిర్లా మందిరం దగ్గర, నావి కాక, అయిదు జతల చెప్పులు చూశాను. గోల్కొండ కోటలో మూడు చేతిసంచులు, రెండు నీళ్ళ సీసాలు, ఒక పులిహోర డబ్బా చూశాను. సాలార్ జంగ్ మ్యూజియంలో మా ఆడపడుచు గొడుగు చూశాను. నవ్వకండి. మీలో ఎంతమంది చూసొచ్చిన ఊళ్ళు ఇంతకన్నా ఎక్కువో, గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి.

ఉగాది వెళ్ళిన వారంలో బయల్దేరాం. మేమిద్దరం, మా ఆడపడుచు, ఆవిడ భర్త, వాళ్ళ పిల్లలిద్దరూ. ఎండలు ముదరకముందే చూసొచ్చేద్దామని మావారి ఆలోచన. ఆలోచన బంగారంలాంటిదే. కానీ ఆ సంగతి అక్కడి సూర్యుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. చైత్రంలోనే హైదరాబాదు మిట్టమధ్యాహ్నం 37, 38 డిగ్రీలు చూపిస్తుంది. అయితే ఒక సుగుణం ఉంది. మన కోస్తాలోలాగా ఒళ్ళంతా జిడ్డు చెమట పట్టదు. పొద్దున్న తొమ్మిది, పది దాకా హాయిగా ఉంటుంది. సాయంత్రం మళ్ళీ గాలి తిరుగుతుంది. మధ్యాహ్నం ఒక్కటీ గుట్టుగా నీడపట్టున ఉంటే చాలు. ఈమాత్రం గ్రహించినవాడికి వేసవి మొదట్లో అంత మంచి ఊరు మరోటి లేదు.

మావారు గ్రహించలేదు. ఆయన దగ్గర జాబితా ఉంది. మూడు రోజులు, పద్నాలుగు చోట్లు. చూసినదానికల్లా ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత. ఆ గీత గీసేటప్పుడు ఆయన మొహంలో కనిపించిన ఆనందం, చార్మినారు చూసేటప్పుడు కనిపించలేదు. 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన నాలుగు మినార్ల కింద మేము నిలబడింది సరిగ్గా పన్నెండు నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు ఫొటోలకి.

మొదటిరోజు గోల్కొండకి చేరేసరికి పదకొండున్నర. నల్లరాతి కొండ అప్పుడే పెనంలా కాలుతోంది. పైకి 360 పైచిలుకు మెట్లంటారు. "ఇవన్నీ మోసుకుంటూ ఎక్కడం కష్టం, నువ్విక్కడ నీడలో కూర్చో, మేం చూసొస్తాం" అన్నారు మావారు, ఎంతో ప్రేమగా. నిజంగా ప్రేమే. ఆ ప్రేమతోనే వచ్చింది చిక్కంతా. కింద ద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు కొండ పైన వినిపిస్తుందని ప్రసిద్ధి కదా! అక్కడే ఓ పక్కన కూర్చుని గంటన్నరసేపు ఆ చప్పట్లు విన్నాను. కొట్టేవాళ్ళని వందమందిని చూశాను. పైన అది ఎలా వినిపిస్తుందో మాత్రం నాకు తెలీదు.

మందిరంలో చెప్పులు దాచుకునే చోటు లేదనుకునేరు. ఉంది. "అక్కడ వరసలో నిలబడడం ఎందుకూ, నువ్వున్నావుగా!" అన్నారు. ఆ "నువ్వున్నావుగా" అనే మాటమీదే నా యుద్ధమంతా.

రెండోరోజు మ్యూజియం. అక్కడ ఒక గడియారం ఉంది. గంట గంటకీ లోపలినించి బుల్లి మనిషి ఒకడు వచ్చి టంగు టంగుమని గంట కొట్టి వెళ్ళిపోతాడు. జనం ముందే వచ్చి కూర్చుని వాడికోసం ఎదురుచూస్తారు. నన్ను గొడుగుతోనూ, కాళ్ళు నొప్పులంటున్న చిన్నపిల్లాడితోనూ అక్కడ కూర్చోబెట్టి మిగతావాళ్ళు లోపలికి వెళ్ళారు. అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

1996లో మా అమ్మా నేనూ ఇదే చోటికి వచ్చాం. మా అమ్మాయి అప్పుడు ఎనిమిది నెలల పిల్ల. పిల్ల నిద్రపోయింది. "మీరు చూసి రండే, నేనిక్కడ కూర్చుంటాను" అంది అమ్మ. అసలు ఆ మ్యూజియానికి వెళ్దామన్నది అమ్మే. అక్కడ రెబెక్కా అని ఒక పాలరాతి బొమ్మ ఉంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. 1876లో మొదటి సాలార్ జంగ్ రోమ్ నగరంలో కొని తెచ్చాడు. మొహంమీద మేలిముసుగు. ముసుగూ రాయే, మొహమూ రాయే. అయినా ముసుగులోంచి మొహం కనిపిస్తుంది. ఈ సంగతి ఎవరో చెప్పగా విని అమ్మ ఏళ్ళతరబడి చెప్పుకునేది. మేం తిరిగొచ్చాక, "ఆ ముసుగుపిల్ల ఎలా ఉందే?" అని అడిగింది. "రా అమ్మా, ఇప్పుడు వెళ్ళి చూద్దువుగాని" అన్నాను. అప్పటికే టైమైపోతోందని మావాళ్ళు తొందరపెడుతున్నారు. "మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాలే. ఆ గంట కొట్టేవాణ్ణి రెండుసార్లు చూశాగా, చాల్లే" అంది అమ్మ.

మళ్ళీ రాలేదు. ఇప్పుడు లేదు కూడా.

అమ్మని అక్కడ కూర్చోబెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ వ్యాసం మగవాళ్ళమీద దండయాత్ర అనుకోకండి. "మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్న మాట ఎవరూ మన నోట్లో పెట్టలేదు. మనమే అంటాం. అని, అదో త్యాగమనుకుంటాం. ఇంటికొచ్చాక అదే దెప్పుతాం. ఏం త్యాగమండీ ఇది? సంచులకి మన త్యాగం తెలుసా?

ఇంక ఎదుటివాళ్ళ వాదాలు వినండి. "ఇంత ఖర్చుపెట్టి వెళ్ళి అన్నీ చూడకుండా వస్తే దండగ కాదూ?" అంటారు. మా ఆరుగురికీ టిక్కెట్టు ఒకటే. అయిదుగురు చూశారు, ఒకరు కూర్చున్నారు. దండగైంది ఎవరి డబ్బు? పద్నాలుగు చోట్లు పరుగెత్తినవాళ్ళని ఇంటికొచ్చాక అడిగాను, గోల్కొండలో రామదాసు చెర ఎటువైపుందని. ఒకరు కుడి అన్నారు, ఒకరు ఎడమ అన్నారు. మావారు జాబితా తీసి, "చూశాం, గీత ఉంది" అన్నారు.

"ఎవరో ఒకరు సామాను చూసుకోవాలిగా" అంటారు. చూసుకోవాలి. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ చీరే కట్టుకుని ఉండాలా? వంతులు వేసుకోకూడదా?

"ఆడవాళ్ళకి ఈ కోటలూ గోడలూ ఎందుకండీ, లాడ్ బజారు చూపిస్తే చాలు" అన్నది మా ఆడపడుచు భర్త చమత్కారం. లాడ్ బజారు నేను కాదనను. ఆ లక్క గాజుల మెరుపు చూడవలసిందే. కానీ అక్కడ నేను కొన్నవన్నీ ఎవరికనుకున్నారు? పక్కింటావిడకి రెండున్నర సైజు, వియ్యపురాలికి రెండుంబావు, ఎదురింటి పెళ్ళికూతురికి ఎర్రవి ఒక సెట్టు. కొలతల చీటీ పట్టుకుని గంటసేపు ఎండలో తిరిగాను. నా చేతికి గాజు ఎక్కలేదు. దాన్ని వినోదం అనరు, సరుకులు తేవడం అంటారు.

రెండోరోజు రాత్రి చిక్కడపల్లిలో మా బావగారింట్లో గిన్నెలు సర్దుతూ మా తోడికోడలుతో ఈ బాధంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడ పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. కోఠీ మహిళా కళాశాలలో చదువుకుంది. అంతా విని, "నేనూ గోల్కొండ పైకి ఎక్కలేదు" అంది. నేను తెల్లబోయాను. "ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ పంపిస్తాను. వాళ్ళొచ్చేసరికి కాఫీ, టిఫిను సిద్ధం చెయ్యాలిగా" అంది.

తర్వాత ఆవిడే ఒక కథ చెప్పింది. వాళ్ళ కాలేజీ ఒకప్పుడు బ్రిటిషు రెసిడెన్సీ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కట్టించిన భవనం. ఆయన ఖైరున్నీసా అనే హైదరాబాదు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడది ఘోషా. భవనం ముందువైపుకి వచ్చి చూసే వీల్లేదు. అందుకని ఆవిడకోసం జనానా తోటలో ఆ భవనానికి ఒక చిన్న నమూనా కట్టించాడట. తన మొగుడు కట్టించిన మేడని ఆవిడ ఆ బొమ్మలో చూసుకుందట.

"మనకి ఘోషా లేదు. అయినా మనం చూసేదీ బొమ్మే. మీవారు ఫోనులో చూపించిన ఫొటోలు" అంది మా తోడికోడలు.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాం. మర్నాడు సోమవారం. పొద్దున్నే పాలు కాచి, ఉప్మా చేసి మూతపెట్టి, "మేమిద్దరం బయటికి వెళ్తున్నాం, మధ్యాహ్నానికి వస్తాం" అని చెప్పి ఆటో ఎక్కాం. సంచీలు లేవు. చెరో నీళ్ళసీసా, అంతే. కోట తలుపులు తీసే వేళకి అక్కడున్నాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. పది మెట్లెక్కడం, కూర్చోవడం. తొందరపెట్టేవాళ్ళు లేరు. పైకి చేరేసరికి గంట దాటింది. గాలి ఇంకా చల్లగానే ఉంది.

కాసేపటికి కింద ఎవరో చప్పట్లు కొట్టారు. పైన మాకు వినిపించింది. చెప్పొద్దూ, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చప్పట్లకి ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అక్కణ్ణించి దూరంగా కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. అక్కడే హయాత్ బక్షీ బేగం సమాధి కూడా ఉంది. ఒక సుల్తానుకి కూతురు, ఒక సుల్తానుకి భార్య, ఒక సుల్తానుకి తల్లి. 1656లో ఔరంగజేబు దండెత్తి వచ్చినప్పుడు స్వయంగా వెళ్ళి సంధి మాట్లాడిన మనిషి. హయత్‌నగర్ ఆవిడ పేరుమీదే వెలిసింది. ఆవిడ సంగతి మావారి జాబితాలో లేదు. కోట ఆడవాళ్ళకెందుకని అడిగిన పెద్దమనిషికి ఇదీ నా జవాబు.

ఎండ ముదిరేసరికి ఇల్లు చేరాం. మావాళ్ళు మాకన్నా ముందే వచ్చి ఉసూరుమంటూ కూర్చున్నారు. జాబితా ప్రకారం ఆరోజు జంతుప్రదర్శనశాల. సోమవారం దానికి సెలవని జాబితాలో రాసుకోలేదు!

మధ్యాహ్నం మూడింటికి ఒక్కదాన్నే మ్యూజియానికి వెళ్ళాను. అంత సంపదనీ ముఖ్యంగా పోగుచేసిన మూడో సాలార్ జంగ్ పెళ్ళే చేసుకోలేదట. ఇంట్లో దుమ్ము దులిపే మనిషి ఎవరని అడిగేవాళ్ళు లేకపోబట్టి అన్ని తేగలిగాడనుకున్నాను. మిగతా గదులు దాటేసి రెబెక్కా దగ్గరికి వెళ్ళి అరగంట నిలబడ్డాను. అమ్మా, ముసుగుపిల్ల తల కొంచెం వంచుకుని ఉందే. ముసుగు నిజంగా బట్టలాగే ఉంది. అందులోంచి మొహం తెలుస్తూనే ఉంది. నువ్వు విన్నది నిజమే.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఈ వేసవికి ఏ మహానగరానికి వెళ్ళినా నా మాట వినండి. పొద్దున ఒకచోటు, సాయంత్రం ఒకచోటు, మధ్యాహ్నం నిద్ర. ఏ రోజు ఏది సెలవో ముందే కనుక్కోండి. మ్యూజియానికి శుక్రవారం, జూకి సోమవారం. ఊరివాళ్ళ కొలతల చీటీలు ఇంట్లోనే మర్చిపోండి. ఉన్నన్ని రోజుల్లో ఒక పూట మీకోసం ఉంచుకోండి. మీకు ఆతిథ్యమిచ్చిన ఇంటావిడని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. ఆవిడ కూడా చూసి ఉండదు.

మీ పెద్దావిడ ఎవరైనా, "మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటా" అంటే ఒప్పుకోకండి. చెయ్యి పట్టుకుని లేవదీయండి. పోతే చెప్పులు పోతాయి. కొత్తవి కొనుక్కోవచ్చు.