పీక్ చదవడమూ స్కిల్లే!
ఐఆర్ స్పెక్ట్రమ్ అంటే రికార్డులో అతికించే కాగితమేనా? హైడ్రోజినేజ్ కథ వినండి. హైడ్రోజన్‌ను ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లుగా విడగొట్టే బ్యాక్టీరియా ఎంజైమ్ అది. దానిలో ఒక రకంలో నికెల్ పక్కన ఇనుము ఉంటుంది. ఆ ఇనుముకు అతుక్కున్న చిన్న అణువులేంటో 1990ల్లో ఎక్స్-రే ఒక్కటే తేల్చలేకపోయింది. ఇన్‌ఫ్రారెడ్ తేల్చింది. 1900-2100 సెం.మీ⁻¹ మధ్య నీరు, ప్రొటీన్ పెద్దగా అడ్డురావు. అక్కడ మూడు పీక్‌లు: కార్బన్ మోనాక్సైడ్‌ది ఒకటి, సయనైడ్‌వి రెండు. మనకు విషాలు, దానికి పనిముట్లు! ఎంజైమ్ పనిచేస్తుంటే పీక్‌లు జరుగుతాయి. ఇనుము దగ్గర ఎలక్ట్రాన్లు పెరిగాయో, తగ్గాయో చెప్పేస్తాయి.

ఫార్మాలో ముడిసరుకును గుర్తుపట్టడానికీ వాడేది ఐఆరే. మెషీన్ నడపడం త్వరగానే వచ్చేస్తుంది. ‘ఈ పీక్ ఇక్కడే ఎందుకుంది?’ అన్నదానికి జవాబు చెప్పగలగడమే, నా దృష్టిలో, అసలు అర్హత. ఈసారి ల్యాబ్‌లో ఆ ప్రశ్న మీరే అడగండి.