బీరువాలో పెళ్లి డీవీడీ భద్రమేనా?

అమ్మ సంవత్సరీకానికి ఓ చిన్న వీడియో తయారుచేద్దామని మొన్న మా పెళ్లి డీవీడీలు బయటికి తీశాను. 2009లో వీడియో అతను ఇచ్చిన రెండు డిస్కులు. పట్టుచీరల మడతల్లో, కవరు నలగకుండా ఉన్నాయి. బీరువాలో ఉన్నాయంటే భద్రంగా ఉన్నట్టేనని ఇన్నాళ్లూ నా ధీమా!

మొదటి డిస్కు బాగానే ఆడింది. రెండోది మాత్రం అప్పగింతల దగ్గరికొచ్చేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. నా చేతులు పాలలో ముంచి మా అత్తగారి చేతుల్లో పెడుతూ అమ్మ ఏదో అంటుంది. ఆ మాట అక్కడే ఇరుక్కుపోయింది. స్టూడియో ఎప్పుడో మూతపడింది. అసలు టేపుల సంగతి అడగడానికి మనిషి లేడు.

ఊరగాయ జాడీకి ఎప్పటికప్పుడు వాసెన మారుస్తాం. పట్టుచీరలకు ఏటా మడతలు మారుస్తాం. మరి ఈ డిస్కుల్ని ఎవరైనా చూస్తున్నామా? ఇంట్లో రాసుకునే డీవీడీలో బొమ్మని పట్టి ఉంచేది ఒక రంగు పొర. ఎండకీ, వేడికీ అది పాడవుతుంది. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి డీవీడీ పెట్టే చోటే లేదు. విడిగా యూఎస్‌బీ డ్రైవు కొనుక్కోవాల్సిందే.

'అబ్బాయి సెలవులకొస్తే చేస్తాడులే' అని నేనూ వాయిదా వేసినదాన్నే. తీరా కూర్చుంటే ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. డిస్కులో 'వీడియో టీఎస్' అనే ఫోల్డరు ఉంటుంది. ముందు దాన్ని మొత్తంగా కంప్యూటర్లోకి కాపీ చేసుకోవాలి. అందులో బొమ్మ, మాట ఉండేవి వీఓబీ ఫైళ్లు. ఒక్కోటి ఒక జీబీకి మించకుండా ముక్కలు చేసి ఉంటుంది. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు ఇవి సరిగా మింగుడుపడవు. అందుకని ఎంపీ4గా మార్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. ముక్కల్ని విడివిడిగా ఇవ్వకుండా ఫోల్డరు మొత్తాన్నీ ఇస్తే అతుకుల దగ్గర మాట తెగదు.

నేను పొరపాట్లు చేసి నేర్చుకున్నవి మూడు. ఒకటి, మన డీవీడీల్లో సెకనుకు 25 ఫ్రేములు. మార్చేటప్పుడూ అదే స్థిరంగా ఉంచాలి. లేదంటే ఎడిటింగ్‌లో పెదవులొకచోట, మాటొకచోట అవుతుంది. రెండు, 'డీఇంటర్‌లేస్' పెట్టాలి. లేకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు. మూడు, పాత వీడియో కొలత 4:3 అయితే అలాగే ఉండనివ్వాలి. వెడల్పు టీవీకి సాగదీస్తే పెళ్లివారందరూ ఒక్కసారిగా లావెక్కుతారు! 720X576 చుక్కల బొమ్మని హెచ్‌డీ చేసినంత మాత్రాన లేని వివరం పుట్టుకురాదు. సినిమా డిస్కులకు తాళాలుంటాయి, వాటి జోలికి పోకండి. ఇది మన ఇంటి డిస్కుల మాట.

మొరాయించిన డిస్కుని మెత్తటి నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడిచాను, గుండ్రంగా కాదు. పక్కింటివాళ్ల పాత కంప్యూటర్లో పెట్టి చూశాను. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవొచ్చు. చదివింది! చివరి రెండు నిమిషాలు దక్కలేదుగానీ, అమ్మ మాట దక్కింది. "మజ్జిగ లేందే దీనికి అన్నం దిగదు వదినగారూ, కాస్త చూసుకోండి." అంతే. నేనేదో పెద్ద మాట అనుకున్నాను.

ఎడిట్ చేయడానికి మూడు గంటల వీడియో ముందేసుకుంటే ఇంకోటి కనిపించింది. కెమెరా ఎంతసేపూ వేదిక మీదే. అమ్మ, పిన్ని, వంటల దగ్గర అత్తయ్యలు అంచుల్లో ఒక క్షణం కనిపించి మాయమవుతారు. ఆ క్షణాల్ని ఏరి పక్కపక్కన పెడితే ఎనిమిది నిమిషాలొచ్చాయి. ఆ ఏరే పని ఏ స్టూడియో చేయదు. ఏ క్షణం ఎవరిదో ఇంటి ఆడవాళ్లకే తెలుసు.

ఈ ఆదివారం బీరువా సర్దేటప్పుడు ఆ డిస్కుల్ని ఓసారి ఆడించి చూడండి. మార్చిన ఫైళ్లు రెండుచోట్ల దాచండి. ఒకటి మీ దగ్గర, ఒకటి చెల్లెలి దగ్గర. నగలు పోతే మళ్లీ చేయించుకోవచ్చు. అమ్మ గొంతు ఏ కంసాలి చేసిస్తాడు?