అద్దె పుచ్చుకున్నాక గడప ఎవరిది?

నేనూ ఏలూరు పవర్‌పేటలో రెండు వాటాలు అద్దెకిచ్చినవాణ్ణే. అయినా "మన ఇల్లు, మన ఇష్టం" అనే సాటి యజమానుల మాట నాకు మింగుడుపడదు. అద్దె పుచ్చుకున్నన్నాళ్ళూ ఆ గడప వారిది. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం లోపలికి వెళ్ళాలంటే 24 గంటల ముందు చెప్పమంది. అడ్వాన్సు 2 నెలల అద్దెకు మించరాదంది. నీళ్ళు, కరెంటు ఆపరాదంది. నమూనాయే కావచ్చు, మర్యాదకు చట్టమెందుకు? మనవాళ్ళేమో మోటారు గదికి తాళం వేసి కూర్చుంటారు!

2020 డిసెంబరులో ఈ ఊళ్ళో వందలాదిమంది మూర్ఛలతో కూలినప్పుడు అనుమానం ముందుగా నీటిమీదికే పోయింది. ఆనాడు మేడెక్కి ట్యాంకు మూత తీశాను. అడుగున బెత్తెడు బురద. కింది వాటాలో పసిపిల్ల. కడిగించమని ఆ తల్లి రెండుసార్లు అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నది నేనే. అద్దె మాత్రం అయిదో తేదీ దాటనిచ్చేవాణ్ణి కాను.