పాత బండీ, గుడ్డి దీపాలూ

మీ ఇంట్లో రెండు కార్లుంటే వాటిలో పాతది ఎవరు నడుపుతున్నారు? చాలా ఇళ్ళల్లో జవాబు ఒకటే. కొత్తది కొన్నప్పుడు "ఆయన హైవే మీద దూరం వెళ్ళాలి కదా" అని ఆయనకిచ్చేస్తాం. పన్నెండేళ్ళదో పదిహేనేళ్ళదో ఎస్‌యూవీ మన వాటాకి వస్తుంది. దాని మీద నాకు కోపమేం లేదు. పెద్ద బండి, పిల్లల్ని నలుగుర్ని ఎక్కించుకుని కూచిపూడి క్లాసుకి వెళ్ళొచ్చు, కాస్ట్‌కో సామాను మొత్తం పడుతుంది, ఎక్కడైనా గీత పడినా గుండె గుభేలుమనదు.

కానీ చీకట్లో ఎక్కువ తిరిగేది ఎవరో కూడా చూడండి. మేముండే డాలస్ వైపు డిసెంబరు నెలాఖర్లో సూర్యుడు పొద్దున 7.20 దాటాక గానీ రాడు, సాయంత్రం 5.30 కాకుండానే వెళ్ళిపోతాడు. పొద్దున ఏడింటికి ఎక్కి రాత్రి ఏడింటికి దిగే పన్నెండు గంటల షిఫ్టు నర్సుకి వెళ్ళడమూ చీకట్లోనే, రావడమూ చీకట్లోనే. నైట్ షిఫ్టు వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఉద్యోగం లేనివాళ్ళు మాత్రం? సాయంత్రం సంగీతం క్లాసు, ఈత క్లాసు, గుడి, రాత్రి పదకొండింటికి ఎయిర్‌పోర్టులో దిగే అత్తగారూ మామగారూ, అన్నీ దీపాలు పెట్టాక చేసే పనులే.

అంటే ఇంట్లో అందరికన్నా ఎక్కువ చీకటి చూసే మనిషి, అందరికన్నా గుడ్డి హెడ్‌లైట్లున్న బండి నడుపుతోంది. ఇది మారాలని నేనంటాను. దీనికి కొత్త బండి కొననక్కర్లేదు. నలభై డాలర్లకి ఆన్‌లైన్లో దొరికే ఆ తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు అసలే వద్దు. మీ బండికి మొదట ఉన్న వెలుగు ఎక్కడ పోయిందో వెతికి, దాన్ని వెనక్కి తెచ్చుకుంటే చాలు.

ముందు ఒక మాట. "నాకు రాత్రిపూట డ్రైవింగంటే భయమండీ" అని మన గ్రూపుల్లో ఎంతమంది అంటారో లెక్కలేదు. మా ఫ్లోర్‌లో పనిచేసే ఒకావిడ, గుంటూరు వైపు వాళ్ళు, ఆ భయంతోనే సాయంత్రం షిఫ్టులు మానేసింది. ఆ షిఫ్టుకి గంటకి అదనంగా వచ్చే డబ్బూ పోయింది. కళ్ళు పరీక్ష చేయించుకుంది, అద్దాలు మార్పించుకుంది, అయినా రోడ్డు కనపడలేదు. ఒకరోజు మా పార్కింగ్ గరాజ్‌లో ఆవిడ బండి ముందు నిలబడి చూస్తే, రెండు హెడ్‌లైట్లూ పాతకాలపు ఆముదం సీసాల్లా పచ్చగా, మసకగా ఉన్నాయి. లోపల బల్బు వెలుగుతోందో లేదో తెలియనంత మసక. ఆవిడ ఏడాదిగా తన కళ్ళనీ, తన ధైర్యాన్నీ తిట్టుకుంటోంది గానీ, లోపం ప్లాస్టిక్కులో ఉంది.

కళ్ళ పరీక్ష వద్దనడం లేదు. నలభై దాటాక చీకట్లో మన కంటిపాప అంతకుముందులా విచ్చుకోదు, ఎదుటి బండి లైటు పడితే తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. డాక్టరు దగ్గరకి వెళ్ళండి. కానీ వెళ్ళే ముందో, వచ్చాకో, మీ బండి మొహం కూడా ఒకసారి చూడండి.

ఎందుకు మసకబారుతుందంటే, ఆ అద్దం అసలు అద్దం కాదు. అమెరికాలో 1940 నుంచి చాలా ఏళ్ళు కార్లకి సీల్డ్ బీమ్ దీపాలుండేవి. మొత్తం గాజు, దీపం పోతే మొత్తం తీసి కొత్తది పెట్టడమే, కాబట్టి ముందు గాజు ఎప్పుడూ కొత్తగానే ఉండేది. 1983లో నిబంధన మారి, బల్బు ఒక్కటే మార్చుకునే హెడ్‌లైట్లు వచ్చాయి. వాటితోపాటే పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్కూ వచ్చింది. తేలిక, పగలదు. కానీ ఎండ తగిలితే దాని మీది రక్షణ పూత మెల్లిగా పోతుంది, తర్వాత ప్లాస్టిక్కు పచ్చబడి, పొడిబారి, సన్నటి పగుళ్ళిస్తుంది. టెక్సస్ ఎండ సంగతి మీకు తెలుసు. గరాజ్‌లో చోటు కొత్త బండికిచ్చి పాతదాన్ని డ్రైవ్‌వేలో పెడతాం కాబట్టి, ఎండంతా దీనికే.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, అదే మనం టోయింగ్‌కి ఫోన్ చేసే ఏఏఏ, 2018లో దీన్ని కొలిచి చెప్పింది. పచ్చబడి మసకబారిన హెడ్‌లైటు కొత్తదానితో పోలిస్తే ఇచ్చే వెలుగు సుమారు 20 శాతమేనట. అయిదింట నాలుగు వంతులు ఆ ప్లాస్టిక్కులోనే చిక్కుకుపోతున్నాయన్నమాట. బాగా రుద్ది మెరుగుపెడితే సుమారు 70 శాతానికి వస్తుంది. కంపెనీ వాళ్ళ కొత్త హెడ్‌లైటు మొత్తంగా మారిస్తే 100 శాతం.

ఇప్పుడు ఆ నలభై డాలర్ల బల్బుల సంగతి. వెలుగు తక్కువగా ఉందని మీరనగానే ఇంట్లో వచ్చే మొదటి సలహా ఇదే: "ఎల్‌ఈడీ వేసేద్దాం, పది నిమిషాల పని." మన నాయనమ్మలు లాంతరు వెలిగించే ముందు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. సాయంత్రం కాగానే చిమ్నీ తీసి, మసి తుడిచి, గుడ్డతో మెరిపించి పెట్టేవారు. చిమ్నీ నల్లగా ఉంటే వత్తి పెంచేవారు కాదు. పెంచితే వెలుగు రాకపోగా ఇంకా మసి పడుతుందని వాళ్ళకి తెలుసు. మసక ప్లాస్టిక్కు వెనకాల పెద్ద బల్బు పెట్టడం వత్తి పెంచడమే. వెలుగు ముందుకి పోకుండా ఆ మసకలో చెదిరిపోయి, నాలుగు దిక్కులా పడుతుంది.

ప్లాస్టిక్కు శుభ్రంగా ఉన్నా ఇంకో చిక్కుంది. మన పాత బండి హెడ్‌లైటు హాలోజెన్ బల్బు కోసం చేసింది. ఆ బల్బులో వెలిగేది సన్నటి తీగ చుట్ట. ఆ చుట్ట ఎక్కడుంటుందో, ఎంత పొడవుంటుందో లెక్కగట్టి, దానికి తగ్గట్టు వెనక రిఫ్లెక్టర్ వంపులు తీర్చారు. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు గుండ్రటి తీగలోంచి రాదు, పలకకి అటూ ఇటూ అంటించిన చిన్న చిప్‌ల నుంచి వస్తుంది. వంపులన్నీ తప్పుతాయి. బండి ముందు పదడుగుల నేల తెల్లగా మెరిసిపోతుంది. "అబ్బ, ఎంత వెలుగో" అనిపిస్తుంది. ఆ దగ్గరి తెలుపుకి మన కంటిపాప ముడుచుకుని, దూరంగా రోడ్డు దాటుతున్న జింక ఇంకా కనపడదు. మిగిలిన వెలుగు ఎదుటి బండి నడిపేవాళ్ళ కళ్ళల్లోకి పోతుంది. ఆ ఎదుటి బండిలో ఉన్నది కూడా షిఫ్టు దిగి ఇంటికి పోతున్న మనలాంటి మనిషే కావచ్చు. మన వైపు లారీల హెడ్‌లైట్ల మీద నల్లరంగు బొట్టు పెట్టేవారు, గుర్తుందా? ఎదుటివాడి కంట్లో గుచ్చుకోకుండా అన్నమాట. అంత ఇంగితం ఆ రోజుల్లో ఉండేది!

చట్టం కూడా ఇదే చెబుతుంది. హెడ్‌లైట్ల గురించిన ఫెడరల్ నిబంధన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 108. దాని ప్రకారం హాలోజెన్ కోసం చేసిన హెడ్‌లైట్లో ఎల్‌ఈడీ బల్బు మార్చి పెట్టుకోవడం రోడ్డు మీదకి పనికిరాదు. ఆ డబ్బాల మీద "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉండేది అందుకే. డీఓటీ అని ముద్ర ఉంటే ప్రభుత్వం పరీక్షించిందనీ అనుకోకండి, ఇక్కడ తయారుచేసినవాళ్ళే తమ వస్తువుకి తామే పూచీ ఇచ్చి ఆ ముద్ర వేసుకుంటారు. నీలం రంగు పూసిన హాలోజెన్ బల్బులు కూడా అంతే, ఆ రంగు కొంత వెలుగుని మింగేస్తుంది, చూడ్డానికి మాత్రం తెల్లగా ఉంటుంది.

మరేం చేయాలి? ముందు ప్లాస్టిక్కు. ఆటో పార్ట్స్ షాపులో రిస్టొరేషన్ కిట్ ఇరవై, ముప్పై డాలర్లకి దొరుకుతుంది. తడిపి, గరుకు నుంచి నున్నటి దాకా వరసగా ఇసుక కాగితాలతో రుద్దాలి. చివర్లో ఎండని ఆపే పూత వేయాలి. ఈ పూత లేని కిట్ కొనకండి. టూత్‌పేస్టు చిట్కా అందరూ పంపుతుంటారు, దాంతో కొన్ని వారాలు మెరుస్తుంది, పూత లేదు కాబట్టి మళ్ళీ మొదటికొస్తుంది. మసక లోపలి వైపు ఉన్నా, నీళ్ళు దిగి ఉన్నా రుద్ది లాభం లేదు, మొత్తం మార్చాలి. కంపెనీది ఖరీదు ఎక్కువనిపిస్తే బయటివాటిలో కాపా సర్టిఫికెట్ ఉన్నది అడగండి, అది పరీక్ష చేశాక ఇచ్చే ముద్ర.

తర్వాత బల్బు. హాలోజెన్ బల్బు కాలిపోయేదాకా ఉంచుతాం, కానీ అది వయసుతోపాటు తగ్గుతూ వస్తుంది. రెండూ ఒకేసారి మార్చండి, మాన్యువల్లో చెప్పిన నంబరూ వాట్లూ దాటకండి. హెచ్11 అంటే హెచ్11, 55 వాట్లే. గాజుని వేళ్ళతో ముట్టుకోకూడదు, మన చేతి జిడ్డు అంటినచోట వేడెక్కి తొందరగా పోతుంది. మనకి గ్లవ్స్‌కి కొదవా!

పాత బండ్లల్లో, ముఖ్యంగా పికప్ ట్రక్కుల్లో, అందరూ వదిలేసేది వైరు. హాలోజెన్‌కి వోల్టేజ్ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పోతుంది. తుప్పుపట్టిన గ్రౌండు వైరు, మాడిన సాకెట్టు చాలు అంత పోగొట్టడానికి. మెకానిక్ దగ్గరకి వెళ్ళి "లైట్లు డల్‌గా ఉన్నాయి" అంటే అతను కొత్త బల్బు అమ్ముతాడు. "ఇంజన్ ఆన్‌లో పెట్టి, లైట్లు వేసి, బల్బు దగ్గర వోల్టేజ్ ఎంతుందో, బ్యాటరీ దగ్గర ఎంతుందో రెండూ కొలిచి చెప్పు" అనండి. మల్టీమీటర్ ఉన్నవాడికి అయిదు నిమిషాల పని. ఈ మాట విన్నాక మనతో మాట్లాడే తీరు కూడా కాస్త మారుతుంది, అది వేరే లాభం. కొన్ని పాత ట్రక్కుల్లో హెడ్‌లైట్ల కరెంటంతా లోపలి స్విచ్ గుండానే పోతుంది, వాటికి రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు లాగితే మంచి తేడా కనిపిస్తుంది.

చివరిది గురి. బల్బు మార్చినా, బంపరు తగిలినా, హెడ్‌లైటు విప్పి బిగించినా గురి తప్పుతుంది. చదునైన చోట గోడకి 25 అడుగుల దూరంలో బండి ఆపి లో బీమ్ వేసి చూడండి. వెలుగు పై అంచు హెడ్‌లైటు మధ్య ఎత్తుకి సమానంగానో, రెండంగుళాలు కిందగానో ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది. ఒకటి చెట్టు మీదకీ ఒకటి కాళ్ళ కిందకీ చూస్తుంటే స్క్రూడ్రైవర్‌తో సరిచేయొచ్చు.

ఇవన్నీ చేసినా హాలోజెన్‌కి ఒక హద్దుంది. దీపాల్లేని రోడ్డు మీద గంటకి 40 మైళ్ళ వేగం నుంచే మంచి హాలోజెన్ లో బీమ్ కూడా చాలకపోవచ్చని అదే ఏఏఏ 2015లో చెప్పింది. అరవై మైళ్ళ వేగమంటే క్షణానికి 88 అడుగులు. ఫ్రిస్కో దాటి సెలీనా, ఆబ్రీ వైపు ఇళ్ళు కొన్నవాళ్ళకి తెలుసు, ఆ ఫార్మ్-టు-మార్కెట్ రోడ్ల మీద వీధిదీపాలుండవు, వేగం మాత్రం ఉంటుంది. అక్కడ హై బీమ్ వేయడానికి మొహమాటపడకండి. టెక్సస్‌లో ఎదురొచ్చే బండికి 500 అడుగుల్లోపు, ముందు వెళ్ళే బండికి 300 అడుగుల్లోపు వచ్చినప్పుడు దించాలి. మిగతా సమయమంతా అది మనదే.

ఇదంతా ఇంకెవరో చూసుకుంటారులే అనుకోవడానికి కూడా లేదు. టెక్సస్‌లో ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ మామూలు కార్లకి 2025 జనవరి 1 నుంచి తీసేశారు. పెద్ద కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. మీ లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా ఇప్పుడు ఎవరూ చూడరు.

"ఈ బండిని ఎలాగూ వచ్చే ఏడాది అమ్మేస్తాం, దాని మీద డబ్బెందుకు" అంటారు. ఆ వచ్చే ఏడాది ఎన్నిసార్లు వచ్చి వెళ్ళిందో మీకే తెలుసు. కిట్టూ, రెండు బల్బులూ కలిపినా పిల్లల ఒక పుట్టినరోజు కేకు ఖరీదు దాటదు. పూత ఆరడానికి టైము కావాలి, మండే ఎండలో వేయకూడదు, వాన పడకూడదు. అందుకని అక్టోబరులో ఒక చల్లటి శనివారం పొద్దున పెట్టుకోండి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరుగుతాయి, ఆ సోమవారం నుంచి పిల్లల సాయంత్రం క్లాసులన్నీ చీకట్లోనే.