అడవి పుట్టగొడుగులకు పరీక్షలేవి?

తొలకరి పడగానే బిలాస్‌పూర్ సంతలకు సాల్ అడవుల నుంచి 'పుటు' పుట్టగొడుగులు వస్తాయి. మట్టిలో గుండ్రంగా పెరిగే వీటి ధర కోడిమాంసాన్ని మించి పలుకుతుంది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ రుచి కొత్తది కాదు. అడవి తిండి స్వచ్ఛమైనదన్న నమ్మకమే ఇందుకు మూలం. ఆ నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం కూడా సమకూరవలసి వున్నది.

ఐరోపా అనుభవం ఇందుకు హెచ్చరిక. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్ర ప్రమాదంలో వెలువడిన సీజియం-137 వానతో పాటు దూరదేశాల అడవులలో కురిసింది. ఈ మూలకం పొటాషియంను పోలినది కావడంతో పుట్టగొడుగులు దానిని పైమట్టి నుంచి పీల్చుకుంటాయి. దాని రేడియోధార్మికత సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. దున్నని అటవీ నేలలో అది త్వరగా లోతుకు దిగదు. అందుకే చెర్నోబిల్ ప్రభావిత దేశాల నుంచి వచ్చే పుట్టగొడుగులకు ఐరోపా సమాజం కిలోకు 600 బెక్వెరెల్‌ల పరిమితి విధించింది. 2011 ఫుకుషిమా ప్రమాదం దరిమిలా జపాన్ సాధారణ ఆహారానికి 100 బెక్వెరెల్‌లనే హద్దుగా నిర్ణయించింది.

చెర్నోబిల్ భయం మన దేశాన్నీ తాకింది. ఐర్లండ్ వెన్నపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నిపుణుల సంఘాన్ని నియమించి, వెన్న హానికరం కాదన్న దాని అభిప్రాయాన్ని 1988లో ఆమోదించింది. సందేహాన్ని తీర్చినవి వదంతులు కావు, కొలతలు.

ఛత్తీస్‌గఢ్ అడవులపై చెర్నోబిల్ వంటి విపత్తు విరుచుకుపడలేదు. కనుక అణుధూళి పేరు చెప్పి గిరిజన మహిళల గంపలను అనుమానించడం అన్యాయం. అయితే సీపత్, కోర్బాలలో భారీ బొగ్గు విద్యుత్ కేంద్రాలు వున్నాయి. బొగ్గు బూడిదలో యురేనియం, థోరియంల జాడలు, భారలోహాలు వుంటాయి. పుట్టగొడుగులకు లోహాలను కూడబెట్టుకునే గుణం వున్నది. వీటన్నిటికన్నా తక్షణ ప్రమాదం, తినదగినవాటిని పోలిన విషజాతులది.

2006 నాటి ఆహార భద్రతా చట్టం పొట్లాల తిండికే పరిమితమైనది కాదు. ఏటా వానకాలంలో సంతల నుంచి నమూనాలు సేకరించి, లోహాలనూ రేడియోధార్మికతనూ కొలిచి, ఫలితాలను స్థానిక భాషలో అక్కడే ప్రకటించాలి. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. పుట్టగొడుగులు మంచివని తేలితే ఏరుకొచ్చేవారికి గిట్టుబాటు, కావని తేలితే తినేవారికి రక్షణ. పరీక్షే జరగకపోతే నష్టపోయేది ఇరువురూ.