నివారణ నిధులకు కత్తెర తగదు

తెల్లవారక ముందే ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల పల్లెల నుంచి బస్సెక్కిన జనం ఎల్.బి.నగర్ కూడలిలో దిగుతారు. కొందరు అడ్డా మీద కూలికి నిలబడతారు. కొందరు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో పనికి పోతారు. విజయవాడ రహదారి మీద వచ్చే లారీల వారికి, కోచింగు కోసం వచ్చి హాస్టళ్లలో ఉంటున్న యువతీ యువకులకు కూడా నగరంలోకి ఇదే గుమ్మం. ఇంతమంది వచ్చిపోయే చోట హెచ్.ఐ.వి. పరీక్ష, సలహా, నిరోధ్ ఉచితంగా అందుబాటులో ఉండడం ఎంతో అవసరం. సొంత ఊళ్లో పరీక్షకు వెళితే నలుగురూ చూస్తారని జంకే పల్లెవాసి, తననెవరూ ఎరుగని పట్నంలోనే ధైర్యం చేస్తాడు. కనుక ఇక్కడి సేవలు కుంటుపడితే ఆ నష్టం పల్లెలదే.

ఖజానాకు కరువు వచ్చినప్పుడు మొదట కత్తెర పడేది ఇలాంటి పనులకే కావడం విచారకరం. ఆసుపత్రి కడితే గోడలు కనిపిస్తాయి. కొత్తపేట పాత పండ్ల మార్కెట్ స్థలంలో 2022లో పెద్దాసుపత్రికి పునాదిరాయి వేసినప్పుడు అందరూ చూశారు. ఒక కూలీకి జబ్బు సోకకుండా ఆగిపోతే దానికి శిలాఫలకం ఉండదు. కనిపించని మేలుకు అడిగే నాథుడు కరువవుతున్నాడు.

ఈ అనుభవం కొత్తది కాదు. 2014లో ఎయిడ్స్ నియంత్రణ నిధులను నేరుగా రాష్ట్ర నియంత్రణ సంస్థలకు పంపే పద్ధతి మాని, రాష్ట్ర ఖజానాల ద్వారా పంపడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది కేంద్ర బడ్జెట్‌లో ఈ పద్దునే దాదాపు ఐదో వంతు తగ్గించి, మిగతా భారం రాష్ట్రాలు మోయాలన్నారు. ఫలితంగా దేశంలో పలుచోట్ల సిబ్బంది జీతాలు ఆగాయి, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులు అందలేదు, నిరోధ్‌లకు కొరత ఏర్పడింది.

బయటివారి సాయాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2025లో తెలిసివచ్చింది. ఆ ఏడాది జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసింది. దానితో హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. తరువాత వేరే దాతలు ముందుకు వచ్చినందున సేవలు మళ్లీ మొదలయ్యాయి. అయినా దాతల దయ మీద ప్రజారోగ్యం ఎంతకాలం నిలుస్తుంది? ప్రజల పన్నులతో నడిచే బడ్జెట్టే దీనికి గట్టి ఆధారం.

ఈ డబ్బు వృథా అయిందనడానికి వీలులేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనాల ప్రకారం 2010 నుంచి 2021 నాటికి దేశంలో ఏటా కొత్తగా సోకేవారి సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. అయితే మన రాష్ట్రానికి ముప్పు తొలగిపోలేదు. 2021లో దేశంలోని వయోజనుల్లో నూటికి 0.21 మందికి హెచ్.ఐ.వి. ఉండగా, తెలంగాణలో 0.47 మందికి ఉన్నట్లు అంచనా. అంటే దేశ సగటుకు రెట్టింపు పైమాటే.

మందులకు డబ్బు ఇస్తున్నాం కదా, ప్రచారానికీ పరీక్షలకూ వేరే ఖర్చు ఎందుకని కొందరి వాదన. పరీక్ష జరగనిదే రోగి మందు దాకా రాడు. మందు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గితే లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. గర్భిణికి సకాలంలో పరీక్ష చేసి మందులిస్తే బిడ్డకు సోకే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువకు దిగుతుంది. ఆ అవకాశం జారవిడిస్తే జీవితాంతం రోజూ మందు ఇవ్వవలసిందీ ప్రభుత్వమే. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఏ లెక్కన పొదుపు?

రైతుకు, సాగునీటికి, పింఛన్లకు డబ్బు కావాలి, కాదనలేము. అయితే హెచ్.ఐ.వి. వ్యాప్తిని అరికట్టే చర్యలు తీసుకోవలసిన బాధ్యతను 2017 నాటి చట్టం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెంటి మీదా ఉంచింది. జాతీయ కార్యక్రమం ఐదవ దశకు 2021 నుంచి 2026 మార్చి వరకు 15,471.94 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ తరువాతి కేటాయింపులు దీనికి తగ్గకూడదు. కేంద్రం తగ్గిస్తే ఆ లోటును రాష్ట్రం పూడ్చాలి. అడ్డాల వద్దకు, లారీల వద్దకు వెళ్లి పనిచేసే చిన్న ఉద్యోగులకు నెలనెలా జీతం అందాలి. నిరోధ్‌లు, పరీక్షా సామగ్రి నిండుకోక ముందే చేరాలి.

ఓట్ల కోసం ఊళ్లకు వచ్చే నాయకులను రోడ్డు ఏదని, నీళ్లేవని అడుగుతున్నాం. ఇకపై ఈ పద్దు సంగతీ అడగాలి. సందేహం ఉన్నవారు 1097కు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. పరీక్షకు వెళ్లడం సిగ్గుపడవలసిన పని కాదు. ధైర్యం చేసి ఎల్.బి.నగర్‌లో బస్సు దిగిన మనిషి, పరీక్షా కేంద్రం తలుపుకు తాళం చూసి వెనుదిరిగే రోజు రాకూడదు. అధికారులు ముందే మేల్కొనాలి.