మొటిమలు – మందులు

బాల్యము గడచి యౌవనము ప్రవేశించు వేళ శరీరమున పెక్కు మార్పులు కలుగును. ఎత్తు పెరుగును. కంఠస్వరము మారును. అద్దము ముందు నిలుచు కాలము హెచ్చును. ఆ దినములలోనే నొసటను, బుగ్గలపైనను ఎర్రని పొక్కులు తలయెత్తును. వానినే మొటిమలందురు. ఇవి నేటి నాగరకతతో వచ్చినవి కావు. సుశ్రుతసంహిత వీనిని ‘ముఖదూషిక’లని పేర్కొని, యువకుల ముఖములందు పుట్టునవని చెప్పి, బూరుగు ముండ్లతో పోల్చినది. లేత బూరుగు మ్రానును చూచినవారికి ఆ పోలిక ఎంత చక్కనిదో తెలియును.

వ్యాధి పాతదే కాని, దానికి భయపడు తీరు మారినది. చేతిలోని ఫోనునందు దినమునకు పదిమార్లు తన ముఖమును చూచుకొను బాలునికి ఒక్క మొటిమ కొండంతగా కనబడుచున్నది. ఒక్క రాత్రిలో దానిని పోగొట్టు మందు కావలెనను ఆతురత కలుగుచున్నది. ఆ ఆతురత మొటిమకంటె ఎక్కువ కీడు చేయగలదు. బలమైన మందు చెడ్డది కాదు. కాని తన ఒంటిమీద నున్నది ఏమో తెలిసికొనక, వైద్యుని అడుగక, దానిని మ్రింగుట ప్రమాదము.

మొటిమ ఎట్లు పుట్టునో మొదట తెలిసికొనవలెను. చర్మమునందు రోమములు మొలచు సన్నని గుంటలు కలవు. ఇవి రోమకూపములు. వీనికి చేరువనే చిన్న తైలగ్రంథులు ఉండి, జిడ్డును స్రవించి, చర్మమును మెత్తగా నుంచును. యౌవనారంభమున రక్తమునందు కొన్ని హార్మోనులు హెచ్చుటచేత ఈ గ్రంథులు పెద్దవై అధికముగా జిడ్డును స్రవించును. అదే సమయమున రోమకూపములోని మృతకణములు ఊడిపోక, ఒకదానికొకటి అంటుకొని, మూతవలె అడ్డుపడును. జిడ్డు లోపల నిలిచిపోవును. చర్మముపై సహజముగా నివసించు ఒక జాతి బాక్టీరియా అందు వృద్ధిపొందును. శరీరము దానిని ఎదిరించుటచే వాపు, ఎరుపు, నొప్పి, చీము కలుగును. ఇదియే మొటిమ చరిత్ర.

తైలగ్రంథులు శరీరమంతటను ఒకే తీరున లేవు. అరచేతులయందును, అరికాళ్లయందును అవి బొత్తిగా లేవు. అందుచేత అచ్చట మొటిమ పుట్టదు. ముఖము, రొమ్ము, భుజములు, వీపు పైభాగము – ఈ స్థానములలో అవి పెద్దవిగాను, దట్టముగాను ఉన్నవి. కావున వీపుమీది మొటిమలు ముఖముమీది వానికి తోబుట్టువులే గాని వేరు రోగము కావు. అవి అంటువ్యాధి కావు. స్నానము చేయనివానికి వచ్చు శిక్షయు కావు. మొటిమపై కనబడు నల్లని చుక్క మురికి కాదు. దానిని మురికియని తలచి పీచుతో గట్టిగా రుద్దుకొనువారు చర్మమును గాయపరచుకొని, వాపును పెంచుకొందురు.

ముఖముమీది మొటిమలను అందరును చూతురు. ఒంటిమీది మొటిమలను చొక్కా దాచును. అందుచేత వాని బాధ ఇంటిలోనివారికి కూడ తెలియదు. చెరువులో ఈతకు రమ్మన్నచో ఏదో నెపము చెప్పి తప్పుకొనువాడును, మెడ వెనుక భాగము కనబడకుండ ఎండకాలమునను కాలరు గుండీ పెట్టుకొనువాడును ప్రతి తరగతిలో ఉండవచ్చును. దాచిన వ్యాధికి వైద్యము ఆలస్యమగును. రొమ్ముపైనను, భుజములపైనను మానిన మొటిమలు కొందరిలో గట్టి ఉబ్బెత్తు మచ్చలుగా మిగులును. అవి మొటిమలకంటె మొండివి.

వీపునకు కష్టము కలిగించునవి మరికొన్ని కలవు. బరువైన పుస్తకాల సంచి పట్టీలు భుజములను ఒరయును. బిగుతైన నైలాను బట్టలు చెమటను ఆరనీయవు. తలకు దట్టముగా పట్టించిన నూనె నొసటికిని, మెడకును జారి రోమకూపములను మూయును. ఆట ముగిసిన వెంటనే తడిసిన చొక్కా విడిచి స్నానము చేయుట, వదులైన నూలుబట్టలు ధరించుట ఖర్చులేని మందులు.

వీపుపై లేచిన ప్రతి పొక్కును మొటిమ కాదు. ఎండకాలమున స్వేదనాళములు మూసికొనుటచే వచ్చునవి చెమటకాయలు. ఒకే పరిమాణము గలిగి, రొమ్మునను వీపునను గుంపుగా లేచి, మిక్కిలి దురద పెట్టు సన్నని పొక్కులు చర్మముపై నివసించు ఒక శిలీంధ్రము వలన రావచ్చును. వీనిని మొటిమలని భ్రమించి బాక్టీరియాను చంపు మందులు మ్రింగినచో, అవి తగ్గుటకు మారుగా హెచ్చవచ్చును. చూపునకు ఒకటిగా నున్నను కారణములు వేరు. కారణములు వేరైనచో మందులును వేరు. ఈ తేడాను కనుగొనుటకే వైద్యుడు పెక్కు సంవత్సరములు చదువును. స్నేహితుడు ఒక్క చూపులో కనుగొనలేడు.

ఇక బలమైన మందు సంగతి. మొటిమలకు వాడు మందులలో మిక్కిలి బలమైనది ఐసోట్రెటినాయిన్. ఇది విటమిను ‘ఏ’ కుటుంబమునకు చెందినది. ఆ విటమిను లోపించినచో రేచీకటి వచ్చును. మునగాకు, క్యారెట్టు వంటివి తినినచో శరీరము తనకు వలసినంత మేరకే దానిని తయారుచేసికొనును. కాని సిద్ధముగా నున్న విటమిను మితిమీరి చేరినచో అది విషమగును. 1597లో ఉత్తర ధ్రువ సముద్రమున మంచులో చిక్కుకొనిన డచ్చి నావికులు ధ్రువపు ఎలుగుబంటి కాలేయమును తిని తీవ్రముగా జబ్బుపడిరి. వారిలో కొందరికి ఒంటి చర్మము ఊడిపోయెను. ఆ కాలేయమున విటమిను ‘ఏ’ అపారముగా నుండుటయే దానికి కారణమని శాస్త్రజ్ఞులు 1943లో తెలిపిరి.

చర్మముపై ఇంతటి ప్రభావము గల కుటుంబమునుండియే మొటిమల మందు పుట్టినది. 1979లో అమెరికా వైద్యులు మొండి మొటిమలతో బాధపడుచున్న 14 మందికి ఐసోట్రెటినాయిన్ ఇచ్చి చూడగా 13 మందికి పూర్తిగా నయమయ్యెను. 1982లో ఆ దేశ ప్రభుత్వము దాని అమ్మకమునకు అనుమతి ఇచ్చెను. ఈ మందు తైలగ్రంథులను కుదించి, జిడ్డును మిక్కిలి తగ్గించును. లోతైన గడ్డలుగా లేచి, మచ్చలు మిగుల్చు మొటిమలతో ఏండ్ల తరబడి బాధపడినవారికి ఇది గొప్ప వరమైనది. కొన్ని నెలలు వాడిన పిమ్మట పెక్కుమందికి మొటిమలు మరల రావు.

వరముతోపాటు ఆంక్షలును వచ్చినవి. ఈ మందు వాడువారిలో దాదాపు అందరికిని పెదవులు ఎండి పగులును. కన్నులు పొడిబారును. ముక్కునుండి నెత్తురు కారవచ్చును. కండరములు, కీళ్లు నొచ్చును. కొందరికి రక్తమున కొవ్వులు హెచ్చును. మరికొందరికి కాలేయమునకు శ్రమ కలుగును. ఈ మార్పులు కంటికి కనబడవు. అందుకే వైద్యులు మందు ఆరంభించుటకు ముందును, పిదపను రక్తపరీక్షలు చేయింతురు. కొందరికి చీకటిలో చూపు తగ్గును. రేచీకటిని మాన్పు విటమినుకు బంధువైన మందే చీకటిచూపును తగ్గించుట విచిత్రము గదా! మొటిమలకే ఇచ్చు టెట్రాసైక్లిను జాతి మందులతో దీనిని కలిపినచో పుర్రెలోపల ఒత్తిడి పెరిగి, తలనొప్పియు చూపుమాంద్యమును కలుగవచ్చును. ఒక వైద్యుని మందునకు మరియొకరి సలహాను తెలియక జోడించువారికి ఈ అపాయము పొంచియుండును.

కొందరు ఈ మందు వాడు కాలమున దిగులు చెందినట్లు చెప్పిరి. అది మందు వలననా, మొటిమల వలననా అను విషయమున పరిశోధకులకు ఏకాభిప్రాయము లేదు. ఐనను మనస్సు కుంగినట్లు తోచినచో వెంటనే పెద్దలకును, వైద్యునికిని చెప్పవలెను.

అన్నిటికంటె ఘోరమైనది గర్భస్థశిశువునకు కలుగు కీడు. గర్భవతులు ఈ మందు వాడినచో బిడ్డకు చెవులు, గుండె, మెదడు వికలమగు ప్రమాదము కలదు. మందు అమ్మకమునకు వచ్చిన మరుసటి సంవత్సరమే ఇట్టి బిడ్డలు పుట్టిన వార్తలు వెలువడెను. నియమములను క్రమముగా బిగించుచు, అమెరికాలో 2006లో వైద్యుడు, రోగి, మందుల దుకాణము – ముగ్గురును పేర్లు నమోదు చేసికొనవలెనను కట్టుబాటు చేసిరి. ఈ మందు వాడుచున్నవారు రక్తదానము చేయరాదు. మానిన పిమ్మట ఒక నెల గడచువరకును చేయరాదు. ఆ రక్తము ఏ గర్భవతికైనను ఎక్కింపబడవచ్చునను జాగ్రత్తయే దీనికి కారణము. ఒక్కరు మ్రింగిన మాత్ర వేరొకరి బిడ్డవరకు పోగలదు. దాని బలము అట్టిది.

మన దేశమున 1945 నాటి ఔషధ నియమావళిలో షెడ్యూల్ ‘హెచ్’ అను పట్టిక కలదు. అందలి మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదు. ఐసోట్రెటినాయిన్ ఆ పట్టికలోనిదే. కాని చట్టము ఉన్నంత మాత్రమున చాలదు. అన్నకు ఇచ్చిన మాత్రలలో మిగిలినవానిని తమ్ముడు మ్రింగుట, స్నేహితురాలి చీటీని చూపి మందు కొనుట అక్కడక్కడ జరుగుచునే యున్నవి. చెప్పును ఎరువు తెచ్చుకొనినచో కాలు మాత్రమే ఒరసికొనును. మందును ఎరువు తెచ్చుకొనినచో కాలేయము ఒరసికొనును.

మరియొక మోసము చిన్న గొట్టములలో ఉన్నది. ముఖము తెల్లబడునని, మొటిమలు మాయమగునని కొందరు స్టిరాయిడ్ కలిసిన లేపనములను పూసికొందురు. మొదటి వారమున ఎరుపు తగ్గి ముఖము నున్నగా కనబడును. నెలలు గడచినకొలది చర్మము పలుచబడును. సన్నని రక్తనాళములు బయటపడును. కొత్త మొటిమలు పుట్టును. మానినచో మంట, మానకున్నచో కీడు. ఇట్టి లేపనములు విచ్చలవిడిగా అమ్ముడుపోవుట చూచి, భారత ప్రభుత్వము 2018లో వానిని కూడ చీటీ కావలసిన మందులలో చేర్చినది.

ఇంత విన్నవారు, “ఐనచో ఆ మందుల జోలికే పోరాదు, మొటిమలు వానంతట అవే పోవును” అనవచ్చును. ఇదియును సరికాదు. కొన్ని మొటిమలు పోవుచు జీవితాంతము నిలుచు గుంటలను మిగుల్చును. అట్టి బిడ్డను, “వయసు మొటిమలే” అని నవ్వి ఊరకుండు తల్లిదండ్రులు కూడ తప్పు చేసినవారే. అవసరమైనవానికి మందు ఇప్పింపకుండుట, అవసరము లేనివానికి ఇచ్చుట – రెండును ఒకే అజ్ఞానమునుండి పుట్టినవి.

గోటితో పోవుదానికి గొడ్డలి ఎందుకని సామెత. మొటిమల విషయమున గోరును పనికిరాదు. గిల్లినచో చీము లోతునకు పోయి మచ్చ పడును. గొడ్డలి అవసరమైన చెట్టు ఏదో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. చాలమందికి మెత్తని సబ్బుతో దినమునకు రెండుసార్లు కడుగుట, వైద్యుడు చెప్పిన పూతమందును విడువక రాయుట చాలును. పూతమందు ఫలము కనబడుటకు ఆరు, ఎనిమిది వారములు పట్టును. విత్తనము నాటిన మరునాడే కాయను వెదకరాదు.

తోటివాని ముఖమును చూచి నవ్వువారు కూడ ఒకటి తెలిసికొనవలెను. ఎగతాళికి వెరచియే పెక్కుమంది బిడ్డలు రహస్యముగా మందులు వెదకుచున్నారు. హాస్యమునకు ఆడిన ఒక్క మాట ఒకనిని చీటీలేని మాత్రల అట్టవద్దకు నడిపింపగలదు. మొటిమలు గలవాడు ధైర్యముతో పెద్దలకు చెప్పవలెను. పెద్దలు ఓర్పుతో వినవలెను. తోటివారు నవ్వక ఊరకుండవలెను. ఈ మూడును జరిగిన చోట బలమైన మందు కూడ మేలే చేయును.